చట్టం ఎక్కడ పుడుతుంది? - న్యాయశాఖ కథ



"చట్టం ఒప్పుకోదు." "ఇది చట్టానికి విరుద్ధం." ఈ మాటలు మనం తరచుగా వింటాం. పోలీసు స్టేషన్లో అంటారు. రెవెన్యూ ఆఫీసులో అంటారు. పొలం గట్టు తగాదా వచ్చినప్పుడు పెద్దమనుషులు కూడా అంటారు.

మనం తల ఊపి ఇంటికి వచ్చేస్తాం. ఆ చట్టం ఏమిటో అడగం. దాన్ని ఎవరు రాశారో అడగం.

గోదావరి ధవళేశ్వరం దగ్గర సముద్రంలా కనిపిస్తుంది. కానీ అది పుట్టేది ఎక్కడో నాసిక్ దగ్గర త్రయంబకంలో. అక్కడ సన్నటి ధార. చట్టం కూడా అంతే. మన దగ్గరికి వచ్చేసరికి పెద్దదిగా, భయం పుట్టించేదిగా కనిపిస్తుంది. అది పుట్టే చోటు ఒకటి ఉంది. దాని పేరు న్యాయశాఖ.

ఈ శాఖ ఎప్పుడు పుట్టింది? ఎలా పెరిగింది? దానితో మనకేం పని? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక్కో చోట ఒక్కో చట్టం

రెండు వందల ఏళ్ళ కిందటి మాట. అప్పుడు మన దేశంలో చాలా భాగం ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉండేది. అది వ్యాపారం కోసం వచ్చిన ఇంగ్లీషు కంపెనీ. కలకత్తా, మద్రాసు, బొంబాయి - ఈ మూడు ఊళ్ళ నుంచి పాలన సాగేది. కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు కింద ఉండేవి.

మూడు చోట్లా మూడు ప్రభుత్వాలు. ఎవరి చట్టాలు వాళ్ళవి.

దీనివల్ల ఏమయ్యేది? ఒక ఉదాహరణ చూద్దాం. ఆ రోజుల్లో భర్త చనిపోతే భార్యను కూడా చితిలో కాల్చే దురాచారం కొన్ని చోట్ల ఉండేది. దాన్ని సతి అనేవారు. 1829లో బెంగాల్లో దాన్ని నిషేధించారు. కానీ ఆ నిషేధం మద్రాసుకు వర్తించలేదు. మద్రాసు వాళ్ళు 1830లో మళ్ళీ విడిగా రాసుకోవాల్సి వచ్చింది. అంటే, ఒక చోట నేరమైన పని ఇంకో చోట నేరం కాకుండా ఉండేది.

1833లో ఒక మార్పు వచ్చింది. ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఇక మీదట కంపెనీ పాలనలో ఉన్న ప్రాంతమంతటికీ కలకత్తాలోనే చట్టాలు చెయ్యాలి అంది. చట్టాల పని చూడటానికి గవర్నర్ జనరల్ సభలో ఒక కొత్త మనిషిని పెట్టాలి అంది. ఆ పదవి పేరు లా మెంబరు. అంటే చట్టాల సభ్యుడు.

మన న్యాయశాఖ పుట్టుక ఇదే. కేంద్ర ప్రభుత్వంలో చాలా పాత శాఖల్లో ఇది ఒకటి.

పల్లకిలో వచ్చిన చట్టాల సభ్యుడు

మొదటి లా మెంబరు పేరు మెకాలే. 1834లో ఓడ మీద మద్రాసు వచ్చాడు. అప్పుడు గవర్నర్ జనరల్ ఊటీ కొండల మీద ఉన్నాడు. మెకాలేను మద్రాసు నుంచి ఊటీకి మనుషులే భుజాల మీద మోసుకుపోయారు. మోసిన వాళ్ళ భాష ఆయనకు రాదు. ఆయన రాయబోయే చట్టం సంగతి వాళ్ళకు తెలియదు.

ఆయన పెద్దగా ఒక సంఘం ఏర్పడింది. దాన్ని లా కమిషన్ అన్నారు. దొంగతనం, హత్య, దెబ్బలాట, మోసం - ఏది నేరం, దేనికి ఎంత శిక్ష అని ఆ సంఘం ఒక పుస్తకం తయారు చేసింది. 1837లో అది రాయడం పూర్తయింది. కానీ 23 ఏళ్ళు అలాగే పడి ఉంది. చివరికి 1860లో చట్టమయింది. 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఇండియన్ పీనల్ కోడ్. తెలుగులో భారత శిక్షాస్మృతి అన్నారు.

"ఫలానా సెక్షన్ కింద కేసు పెట్టారు" అని పేపర్లలో చదువుతాం కదా. ఆ సెక్షన్లు చాలా కాలం ఆ పుస్తకంలోవే. ఆ పుస్తకం 2024 జూన్ ఆఖరు దాకా నడిచింది. 2024 జూలై 1 నుంచి దాని చోట భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఒకసారి రాసిన చట్టం 160 ఏళ్ళకు పైగా నడిచింది చూశారా! అందుకే చట్టం రాసేటప్పుడు ఒక్కో మాట చూసి రాయాలి.

1869లో చట్టాల పనికి విడిగా ఒక శాఖను ఏర్పాటు చేశారు. దాని పేరు లెజిస్లేటివ్ డిపార్టుమెంటు. ఆ తర్వాత చాలా చట్టాలు త్వరత్వరగా వచ్చాయి. సాక్ష్యం ఎలా చెప్పాలి అనే చట్టం, ఒప్పందాల చట్టం 1872లో వచ్చినవే.

చట్టం రాసిన వాళ్ళు ఎవరు? అందరూ తెల్లదొరలు. అందరూ మగవాళ్ళు. 1834 నుంచి 75 ఏళ్ళపాటు ఒక్క భారతీయుడు కూడా లా మెంబరు కాలేదు. 1909లో మొదటిసారి ఒక భారతీయుడు ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పేరు సత్యేంద్ర ప్రసన్న సిన్హా. ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పాలా? ఆడవాళ్ళు వకీళ్ళుగా పనిచెయ్యవచ్చని చట్టం చెప్పింది 1923లోనే.

తెలంగాణ సంగతి వేరు. అక్కడ నిజాం రాజ్యం. కలకత్తాలో చేసిన చట్టాలు అక్కడ నడవవు. నిజాం ప్రభుత్వం తన చట్టాలు తాను చేసుకునేది. కోర్టుల్లో ఉర్దూ భాష నడిచేది. తెలుగు రైతు తన అర్జీ తాను చదువుకోలేడు. మద్రాసు వైపు ఇంగ్లీషు, హైదరాబాదు వైపు ఉర్దూ. రెండు చోట్లా తెలుగు ఆడవాళ్ళకు చట్టం అందని ద్రాక్షే.

కాగితం మీద చట్టం, ఊళ్ళో మనిషి

1856లో ఒక చట్టం వచ్చింది. భర్త చనిపోయిన హిందూ స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు అని ఆ చట్టం చెప్పింది. ఆమెకు పుట్టిన పిల్లలు సక్రమ సంతానమే అంది.

మరి చట్టం వచ్చిన మరునాడే పెళ్ళిళ్ళు జరిగాయా? లేదు. మన తెలుగు నాట కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. అంటే చట్టం వచ్చిన 25 ఏళ్ళకు! ఊళ్ళో వాళ్ళు ఆయన్ను వెలివేశారు. తిట్టారు. కానీ ఆ పెళ్ళి చెల్లదు అని మాత్రం అనలేకపోయారు. ఎందుకంటే చట్టం ఆయన పక్షాన ఉంది.

ఇందులో మనకు రెండు విషయాలు తెలుస్తాయి.

ఒకటి - చట్టం ఉన్నంత మాత్రాన సరిపోదు. దాన్ని వాడుకునే మనిషి కావాలి.

రెండు - ఆ మనిషి ముందుకు వచ్చినప్పుడు చట్టం లేకపోతే నిలబడలేడు.

రెండూ కలిస్తేనే బండి నడుస్తుంది.

స్వతంత్రం వచ్చాక

1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది. పాత లెజిస్లేటివ్ డిపార్టుమెంటు కేంద్ర న్యాయశాఖగా మారింది. మొదటి న్యాయశాఖ మంత్రి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్. బడిలో అందరితో కలిసి కూర్చోనివ్వని కులంలో పుట్టిన మనిషి, దేశం మొత్తానికి చట్టాలు రాసే శాఖకు మంత్రి అయ్యాడు. రాజ్యాంగం రాసిన సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు.

మంత్రిగా ఆయన తలకెత్తుకున్న పెద్ద పని ఆడవాళ్ళ కోసమే. దాని పేరు హిందూ కోడ్ బిల్లు. అందులో ఏముంది?

- కొడుకుతో పాటు కూతురికీ ఆస్తిలో వాటా ఉండాలి.
- ఒక భార్య ఉండగా మగవాడు ఇంకో పెళ్ళి చేసుకోకూడదు.
- కాపురం నిలవకపోతే భార్య కూడా విడాకులు కోరవచ్చు.

ఈ రోజు ఇవి మనకు మామూలు మాటలు. ఆ రోజుల్లో పెద్ద గొడవ జరిగింది. "కూతురికి వాటా ఇస్తే కుటుంబం ముక్కలవుతుంది" అన్నారు. "ధర్మం చెడిపోతుంది" అన్నారు. బిల్లు ఏళ్ళ తరబడి సాగింది. ముందుకు పోలేదు. 1951లో అంబేద్కర్ మంత్రి పదవి వదులుకున్నారు. ఈ బిల్లును ఆపెయ్యడం ఆయన చెప్పిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

ఆయన వెళ్ళిపోయారు కానీ బిల్లు చావలేదు. దాన్ని నాలుగు ముక్కలు చేశారు. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. దత్తత, మనోవర్తి, పిల్లల సంరక్షణ చట్టాలు కూడా అదే ఏడు వచ్చాయి. ఇవి హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తాయి. ముస్లింలకు, క్రైస్తవులకు వేరే చట్టాలు ఉన్నాయి.

ఒక్క వాక్యం - ఒక నెల్లూరు స్త్రీ

1956 వారసత్వ చట్టంలో 14వ సెక్షన్ అని ఒకటుంది. దాని సారం ఇది: హిందూ స్త్రీ చేతిలో ఉన్న ఆస్తికి ఆమే పూర్తి యజమాని. "బతికినన్నాళ్ళు తిని, తర్వాత మాకు వదిలెయ్యి" అనే పాత పద్ధతి ఇక చెల్లదు.

ఈ వాక్యం బలం ఎంతో తెలియాలంటే ఒక కేసు వినండి.

నెల్లూరు ప్రాంతంలో ఒక స్త్రీ. 1931లో భర్త చనిపోయాడు. ఆస్తి ఆయన సోదరుడి చేతిలో ఉండిపోయింది. తిండికి గడవక ఆమె 1944లో మనోవర్తి కోసం కోర్టుకు వెళ్ళింది. గెలిచింది. 1949లో రాజీ కుదిరింది. మనోవర్తి కింద కొంత ఆస్తి ఆమెకు ఇచ్చారు. కానీ ఒక మెలిక పెట్టారు. "బతికినంత కాలం అనుభవించు. అమ్మే హక్కు లేదు" అన్నారు.

తర్వాత ఆమె అందులో కొంత అమ్మింది. ఇంకొంత కౌలుకు ఇచ్చింది. సోదరుడు కోర్టుకెక్కాడు. హైకోర్టులో ఆమె ఓడిపోయింది. అయినా ఊరుకోలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1977లో తీర్పు వచ్చింది. "భర్త ఆస్తి నుంచి మనోవర్తి పొందడం స్త్రీకి ముందు నుంచీ ఉన్న హక్కు. ఆ హక్కు కింద వచ్చిన ఆస్తికి ఆమే పూర్తి యజమాని" అని సుప్రీంకోర్టు చెప్పింది.

భర్త పోయిన 46 ఏళ్ళకు ఆమె గెలిచింది. ఈ రోజు దేశంలో ఏ కోర్టులో అయినా వితంతువు ఆస్తి మాట వస్తే వకీళ్ళు ఆ తీర్పు చూపిస్తారు. ఢిల్లీలో రాసిన ఒక్క వాక్యం. నెల్లూరులో ఒక స్త్రీ పట్టుదల. రెండూ కలిశాయి.

కూతురి వాటా

1956 చట్టంలో ఒక లోటు మిగిలింది. నాన్న సొంతంగా సంపాదించిన ఆస్తిలో, ఆయన వీలునామా రాయకుండా చనిపోతే, కూతురికి వాటా వచ్చింది. కానీ తాత ముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకుకే ఉంది. కూతురికి లేదు.

ఈ లోటు సరిచేసే పని మన రాష్ట్రం ముందుగా చేపట్టింది. 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు అని రాసింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. ఒకే ఇంట్లో చెల్లెలికి వాటా వచ్చింది, అక్కకు రాలేదు.

2005లో కేంద్రం చట్టాన్ని దేశమంతటికీ మార్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అది అమల్లో ఉంది. పెళ్ళయినా కాకున్నా కూతురు కొడుకుతో సమానం. ఆ తేదీ నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురికి హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు కాగితాలతో పంపకాలు అయిపోయి ఉంటే వాటిని కదిలించరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. "పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా, ఇక నీకేం వాటా?" అని అంటారు. "ఈ కాగితం మీద ఒక సంతకం పెట్టు అమ్మా" అని పుట్టింటి వాళ్ళే అడుగుతారు. అది హక్కు వదులుకునే కాగితం కావచ్చు. దాన్ని రిజిస్టరు చేశాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. ఒకప్పుడు వేలిముద్ర వేసేవాళ్ళం. ఏముందో తెలిసేది కాదు. ఇప్పుడు చదవడం వచ్చింది. చదవకుండా సంతకం పెడితే అది కూడా వేలిముద్రే.

ఇప్పుడు న్యాయశాఖలో ఏముంది?

కేంద్ర న్యాయశాఖలో ఇప్పుడు మూడు విభాగాలు ఉన్నాయి.

మొదటిది సలహా విభాగం. ప్రభుత్వంలో మిగతా శాఖలకు చట్టం విషయంలో సలహా చెబుతుంది. ప్రభుత్వం తరఫున కోర్టుల్లో కేసులు నడిపిస్తుంది.

రెండోది చట్టాలు రాసే విభాగం. ఇదే అసలు పాత లెజిస్లేటివ్ డిపార్టుమెంటు. బిల్లుల ముసాయిదా ఇక్కడే తయారవుతుంది. ముసాయిదా అంటే చిత్తు ప్రతి.

మూడోది న్యాయ విభాగం. జడ్జీల నియామకం, కోర్టులకు వసతులు, పేదలకు న్యాయ సహాయం - ఈ పనులు చూస్తుంది. ఇది చాలా కాలం హోంశాఖలో ఉండేది. 2009లో న్యాయశాఖకు వచ్చింది.

రాష్ట్రాల్లో కూడా న్యాయశాఖలు ఉన్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014 జూన్ 2న తెలంగాణ వేరే రాష్ట్రం అయింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల సచివాలయాల్లో రెండు న్యాయశాఖలు పనిచేస్తున్నాయి. 2019 జనవరి 1 నుంచి హైకోర్టులు కూడా రెండయ్యాయి. ఒకటి అమరావతిలో, ఒకటి హైదరాబాదులో.

తెల్లదొరలు, మగవాళ్ళు మాత్రమే చట్టాలు రాసిన రోజులు పోయాయి. పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలులో పుట్టిన వి.ఎస్. రమాదేవిగారు కేంద్ర న్యాయశాఖలో పెద్ద అధికారిగా పనిచేశారు. 1990లో కొద్ది రోజులు దేశానికి ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్నారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ ఆమె. తర్వాత గవర్నరు కూడా అయ్యారు. ఆమె తెలుగులో కథలు, నవలలు కూడా రాశారు.

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఆమె చైనా వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ కోర్టులు చూశారు. ఇలాంటివి మనకూ కావాలని పెద్దలతో మాట్లాడారు. భార్యాభర్తల తగాదాలు మామూలు కోర్టుల్లో నలిగిపోకూడదని ఆమె కోరిక. 1984లో కుటుంబ కోర్టుల చట్టం వచ్చింది. అప్పటికి ఆమె లేరు. ఆమె మాట మిగిలింది.

చట్టం ఎలా తయారవుతుంది?

దీన్ని వరుసగా చూద్దాం.

1. జనం అడుగుతారు. లేదా ప్రభుత్వానికి అవసరం కనిపిస్తుంది.
2. ఆ పని చూసే శాఖ "ఇలాంటి చట్టం కావాలి" అని నిర్ణయిస్తుంది.
3. న్యాయశాఖ చిత్తు ప్రతి రాస్తుంది. రాజ్యాంగానికి తగినట్టు ఉందా అని చూస్తుంది.
4. మంత్రివర్గం ఒప్పుకుంటుంది.
5. శాసనసభలో లేదా పార్లమెంటులో పెడతారు. అప్పుడు దాన్ని బిల్లు అంటారు. సభ్యులు చర్చించి ఓటు వేస్తారు.
6. రాష్ట్రంలో గవర్నరు, కేంద్రంలో రాష్ట్రపతి సంతకం పెడతారు. అప్పుడు అది చట్టం అవుతుంది.
7. గెజిట్‌లో అచ్చువేస్తారు. గెజిట్ అంటే ప్రభుత్వ పత్రిక.

మొదటి మెట్టు చూడండి. "జనం అడుగుతారు." ఇది ఊరికే రాసిన మాట కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకోవడానికి వచ్చిన అక్కలు సారా మీద పాఠం చదివారు. తమ ఊరి సంగతి మాట్లాడుకున్నారు. సారా అంగడి ఆపించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో మద్యం మొత్తాన్ని నిషేధించారు. చదువు నేర్చుకునే ఆడవాళ్ళ నోటి నుంచి వచ్చిన మాట సచివాలయంలో కాగితం మీదికి ఎక్కింది.

కానీ 1997లో మద్య నిషేధాన్ని సడలించారు. దీనర్థం ఏమిటి? చట్టాన్ని తెచ్చుకోవడమే కాదు, కాపాడుకోవడం కూడా మన పనే.

మన భాషలో చట్టం

చట్టం తెలుగులో లేకపోతే మనకేం లాభం? 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. తెలుగు రాష్ట్ర అధికార భాష అయింది. 1973లో కేంద్రం ఇంకో చట్టం చేసింది. దాని ప్రకారం కేంద్ర చట్టాలను తెలుగు, తమిళం వంటి భాషల్లోకి మార్చి అచ్చువేయవచ్చు. ప్రభుత్వం అలా ప్రకటించిన తెలుగు ప్రతి ఊరికే అనువాదం కాదు. అధికారం ఉన్న ప్రతి.

అయినా చాలా కాగితాలు ఇంగ్లీషులోనే వస్తాయి. అలాంటప్పుడు సిగ్గుపడకండి. "ఇందులో ఏముందో తెలుగులో చెప్పండి" అని అడగండి. అడగడం తప్పు కాదు.

వకీలు ఫీజు ఎక్కడ తేవాలి?

"కోర్టుకు వెళ్ళి గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడు" అని మన పెద్దలు అంటారు. ఖర్చుకు భయపడి పుట్టిన మాట ఇది.

ఆ ఖర్చు పేదవాళ్ళ మీద పడకూడదని 1976లో రాజ్యాంగంలో ఒక మాట చేర్చారు. డబ్బు లేదనే కారణంతో ఎవరికీ న్యాయం దూరం కాకూడదు, ప్రభుత్వం ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలి అని ఆ మాట. దాని నుంచి 1987లో న్యాయ సేవల చట్టం వచ్చింది. అయితే అది అమల్లోకి రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. 1995 నవంబరు 9న అమలు మొదలయింది. అందుకే ఏటా నవంబరు 9న న్యాయ సేవల దినం జరుపుతారు.

ఈ చట్టం ప్రకారం ఉచిత న్యాయ సహాయం ఎవరికి వస్తుంది?

- ఆడవాళ్ళందరికీ. పిల్లలందరికీ.
- షెడ్యూల్డు కులాలు, తెగల వారికి.
- వికలాంగులకు.
- ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికులకు.
- జైల్లో ఉన్నవారికి.
- వరద, కరువు, భూకంపం వంటి వాటిలో నష్టపోయినవారికి.
- ఆదాయం తక్కువగా ఉన్నవారికి.

మొదటి వరుస ఇంకోసారి చదవండి. ఆడవాళ్ళకు ఆదాయం లెక్క లేదు. "మీ ఆయనకు పొలం ఉంది కదా" అని ఎవరూ తిప్పి పంపకూడదు. ఆ పొలం మీ చేతిలో లేకపోవచ్చు. చట్టం రాసినవాళ్ళు ఆ సంగతి ఆలోచించే రాశారు.

ఎక్కడికి వెళ్ళాలి? జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. జిల్లా జడ్జిగారే దానికి అధ్యక్షులు. కింది కోర్టులు ఉన్న చోట మండల స్థాయిలో కూడా కమిటీలు ఉంటాయి. తెల్ల కాగితం మీద మీ పేరు, ఊరు, మీ సమస్య రాసి ఇవ్వండి. రాయలేకపోతే నోటితో చెప్పండి. అక్కడివాళ్ళు రాసుకుంటారు. ఫోను ఉంటే 15100 నంబరుకు చెయ్యవచ్చు.

వాళ్ళు మీకు వకీలును పెడతారు. ఆ వకీలుకు మీరు డబ్బు ఇవ్వక్కరలేదు. సంస్థే ఇస్తుంది. ఎవరైనా అడిగితే ఆ సంస్థ కార్యదర్శికి చెప్పండి. ఆయన లేదా ఆమె కూడా జడ్జే.

ఇంకో మాట. ఎవరైనా మిమ్మల్ని కొట్టారు, కట్నం కోసం వేధించారు అనుకోండి. పోలీసులు కేసు పెడతారు. అది నేరం కేసు. అప్పుడు కోర్టులో మీ పక్షాన వాదించేది ప్రభుత్వ వకీలు. పబ్లిక్ ప్రాసిక్యూటరు అంటారు. ఆయనకు జీతం ప్రభుత్వం ఇస్తుంది. మీరు ఇవ్వక్కరలేదు.

రెండు పక్షాలూ ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. అక్కడ తీర్పు అయితే మళ్ళీ అప్పీలు ఉండదు. కోర్టు ఫీజు కట్టి ఉంటే వెనక్కి ఇస్తారు. కానీ గుర్తుంచుకోండి. అప్పీలు ఉండదు కాబట్టి, మీకు ఇష్టం లేని రాజీకి ఒప్పుకోకండి. "సర్దుకుపోమ్మా" అని నలుగురూ అన్నంత మాత్రాన సంతకం పెట్టనక్కర్లేదు. మీరు వద్దంటే కేసు మళ్ళీ కోర్టుకే పోతుంది.

1833లో చట్టం కలకత్తాలో పుట్టింది. మన దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు అది జిల్లా కోర్టు గుమ్మం దాకా వచ్చి ఉంది. అక్కడి నుంచి మన ఇంటికి తెచ్చుకోవలసింది మనమే. ఒక్కరే వెళ్ళడానికి జంకుగా ఉంటే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. బస్సు ఛార్జీ తప్ప ఇంకేం ఖర్చు లేదు.

కొత్త మాటలు

ముసాయిదా - చిత్తు ప్రతి
బిల్లు - ఇంకా చట్టం కాని ప్రతిపాదన
గెజిట్ - ప్రభుత్వ పత్రిక
మనోవర్తి - తిండికి, బట్టకు ఇచ్చే భరణం
రాజీ - ఇద్దరూ ఒప్పుకున్న పరిష్కారం

మాట్లాడుకుందాం

1. చట్టం వచ్చిన 25 ఏళ్ళ దాకా రాజమండ్రిలో వితంతు వివాహం ఎందుకు జరగలేదు?
2. మీ ఇంట్లో ఆడపిల్లలకు ఆస్తిలో వాటా ఇచ్చారా? ఇవ్వకపోతే ఏం కారణం చెప్పారు?
3. మీరు ఇంతకు ముందు చదవకుండా సంతకమో వేలిముద్రో పెట్టిన కాగితం ఉందా? అందులో ఏముందో ఇప్పుడు చదివి చూడండి.
4. మీ జిల్లా కోర్టు ఏ ఊళ్ళో ఉంది? అక్కడికి ఏ బస్సు వెళుతుంది? కనుక్కుని బోర్డు మీద రాయండి.
5. మీ ఊరికి ఒక కొత్త చట్టం కావాలంటే ఏం అడుగుతారు? నాలుగు వాక్యాలు రాయండి.